స్పెయిన్ రాణి కథ ‘ఇసాబెల్’ సీరియల్‌ను ఆస్వాదిస్తూ చూడటం ఎలా?

స్పెయిన్ ప్రభుత్వ టీవీలో 2012 నుంచి 2014 వరకు ‘ఇసాబెల్’ అనే సీరియల్ వచ్చింది. 15వ శతాబ్దంలో కాస్తీల్ రాజ్యాన్ని ఏలిన ఇసాబెల్ రాణి కథ ఇది. సీజన్‌కు 13 చొప్పున మూడు సీజన్లలో మొత్తం 39 ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడ్ గంట దాటి ఉంటుంది. ఇసాబెల్‌గా మిషెల్ జెన్నర్, ఆమె భర్త ఫెర్నాండోగా రొడోల్ఫో సాంచో నటించారు.

దీన్ని ఉత్సాహంగా మొదలుపెట్టి, కొన్ని ఎపిసోడ్లకే ఆపేసినవాళ్లు నాకు తెలుసు. ఎవరికి ఎవరు ఏమవుతారో అర్థం కాలేదన్నది వాళ్లందరి మాట. అయ్యో అనిపిస్తుంది. ఎందుకంటే ఈ కథ తెలుగువాళ్లకు తొందరగా అర్థం కావాలి. ఇందులో యుద్ధాలున్నా, కథను నడిపేవి పెళ్లి సంబంధాలు, దాయాదుల తగాదాలే. ఎవరి పిల్లను ఎవరికిస్తే ఏ రాజ్యం ఎటు పోతుందన్నదే అందరి లెక్క. వరుసలు పట్టుకున్నారంటే ఈ సీరియల్ మిమ్మల్ని వదలదు. ఎలా చూడాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు భాష సంగతి తేల్చుకోండి

మీ దగ్గరున్న ఓటీటీలో స్పానిష్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నదాన్నే వెతకండి. డబ్బింగ్‌లో చూస్తే సగం రుచి పోతుంది. ముఖ్యంగా ఇసాబెల్ అన్న ఎన్రికే రాజుగా చేసిన పాబ్లో డెర్కీ గొంతులో ఉండే తడబాటును వినాల్సిందే. రాజునని గుర్తుచేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు ఎలా మారుతుందో గమనించండి.

స్పానిష్‌లో ‘జె’ అక్షరాన్ని ‘హ’లా పలుకుతారు. తెర కింద జువాన్, జువానా అని చదివి, చెవికి హువాన్, హువానా అని వినిపిస్తే ఇద్దరు వేరువేరు మనుషులనుకుని తికమకపడకండి.

ఇంట్లో పెద్దవాళ్లకు సబ్‌టైటిల్స్ చదవడం కష్టమైతే పక్కన కూర్చుని చెప్పండి. ప్రతి డైలాగూ అక్కర్లేదు. ‘ఈయన ఆవిడకు మేనమామ, ఇప్పుడు పెళ్లాడతానంటున్నాడు’ అంటే చాలు, మిగతాది వాళ్లే అందుకుంటారు. మనం అడగని ప్రశ్నలు కూడా అడుగుతారు.

ఒక కాగితం తీసి వరుసలు రాసుకోండి

ఇది మాత్రం తప్పక చేయండి. పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇసాబెల్ తల్లి పేరు ఇసాబెల్, పెద్ద కూతురి పేరూ ఇసాబెల్. తండ్రి హువాన్, మామగారు హువాన్, కొడుకు హువాన్. అన్న భార్య హువానా, ఆమె కూతురు హువానా, ఇసాబెల్ సొంత కూతుళ్లలో ఒకరు హువానా. కాబట్టి పేరు పక్కన వరుస రాసుకోకపోతే దారి తప్పుతారు.

కాగితం పైన కాస్తీల్ రాజు మొదటి హువాన్ పేరు రాయండి. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మూడో ఎన్రికే కాస్తీల్ సింహాసనం ఎక్కాడు. చిన్నవాడు ఫెర్నాండో 1412లో పక్క రాజ్యం అరగాన్‌కు రాజయ్యాడు. ఇలా ఒకే వంశం రెండు సింహాసనాల మీద కూర్చుంది. ఆ వంశం పేరు త్రాస్తామరా. పెద్దవాడి మనవరాలు మన ఇసాబెల్. చిన్నవాడి మనవడు, తాత పేరే పెట్టుకున్న ఫెర్నాండో.

ఇప్పుడు మన లెక్కలో చూడండి. తాతలు సొంత అన్నదమ్ములు, అదీ మగవైపు. ఇసాబెల్ 1451 ఏప్రిల్‌లో, ఫెర్నాండో 1452 మార్చిలో పుట్టారు. అంటే మన వరుసల ప్రకారం ఇసాబెల్ అతనికి అక్క అవుతుంది. మన ఇళ్లలో ఇలాంటి సంబంధం మాట ఎత్తితేనే పెద్దలు చెవులు మూసుకుంటారు. అక్కడి చర్చి లెక్క వేరు. మేనరికమా, దాయాదులా అనే తేడా చూడదు. నాలుగో తరం వరకు రక్తం కలిసిందా లేదా అన్నదే ప్రశ్న. కలిస్తే పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఈ ఒక్క నియమం గుర్తుంటే మొదటి సీజన్‌లో సగం టెన్షన్ ఎందుకో తెలుస్తుంది.

తర్వాత ఇసాబెల్ అన్న నాలుగో ఎన్రికే. తండ్రి ఒకరే, తల్లులు వేరు. ఎన్రికే తల్లి మరియా అరగాన్ ఇంటి ఆడపడుచు, ఫెర్నాండో తండ్రికి సొంత తోబుట్టువు. ఎన్రికే మొదటి భార్య బ్లాంకా ఫెర్నాండోకు సవతి అక్క, అంటే ఎన్రికేకు మేనమామ కూతురు. అచ్చంగా మేనరికం. పిల్లలు పుట్టలేదు, అసలు కాపురమే జరగలేదని 1453లో ఆ పెళ్లి రద్దయింది. 1455లో పోర్చుగల్ రాకుమారి హువానాను చేసుకున్నాడు. ఈమె అతని తల్లి చెల్లెలి కూతురు, అంటే పిన్ని కూతురు. 1462లో వీళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకూ హువానా అనే పేరు పెట్టారు.

గొడవంతా అక్కడ మొదలైంది. ఆ పిల్ల రాజుకు పుట్టలేదని, ఆయనకు ఇష్టుడైన బెల్ట్రాన్ దె లా కుయేవాకు పుట్టిందని గిట్టనివాళ్లు ప్రచారం చేశారు. బెల్ట్రానేహా అని పేరు కూడా తగిలించారు. నిజం ఏమిటో ఈనాటికీ తేలలేదు. కానీ ఆ పుకారు లేకపోతే ఇసాబెల్ సింహాసనం దరిదాపుల్లోకి వచ్చేది కాదు. అందుకే ఆ పసిపిల్ల పేరు చుట్టూ కాగితం మీద ఎర్ర సిరాతో గీత గీయండి. ఇసాబెల్ ఆమెకు మేనత్త. ముందు ముందు జరిగే యుద్ధం ఈ అత్తా కోడళ్ల మధ్యే.

ఆ యుద్ధంలో పిల్ల తరఫున నిలబడ్డది పోర్చుగల్ రాజు అయిదో అఫోన్సో. ఆయన ఆమె తల్లికి అన్న, అంటే మేనమామ. 1475లో పదమూడేళ్ల మేనకోడలిని పెళ్లాడి కాస్తీల్ నాదేనన్నాడు. అప్పటికి ఆయనకు నలభై దాటింది. మేనమామను చేసుకోవడం మన ఇళ్లలో విననిది కాదు కాబట్టి ఈ ఘట్టం దగ్గర మనకు వరుస గురించి ఆశ్చర్యం వేయదు. ఆ పిల్ల వయసే గుండెను పట్టేస్తుంది.

ఇంతవరకు రాసుకుంటే చాలు. మిగతా పేర్లు వచ్చినప్పుడు చేర్చుకోండి.

రోజుకు ఒక్క ఎపిసోడ్

మొదటి సీజన్ ఇసాబెల్ చిన్నతనం నుంచి 1474లో రాణి అయ్యేదాకా నడుస్తుంది. రెండోది 1492 జనవరిలో ముస్లిం రాజ్యం గ్రనాదా లొంగిపోయేదాకా, మూడోది 1504లో ఆమె మరణం దాకా. తొందరపడి వరుసగా మూడు నాలుగు చూస్తే పేర్లు కలిసిపోతాయి. రోజుకు ఒకటి చూసి, పడుకునే ముందు ఆ కాగితం ఒకసారి తిరగేయండి.

మొదటి సీజన్‌లో ప్రభువుల మీదే కన్నేసి ఉంచండి

ఇసాబెల్ మీద ఎలాగూ చూపు నిలుస్తుంది. మీరు పనిగట్టుకుని చూడాల్సింది ఎన్రికే ఆస్థానంలోని ప్రభువు హువాన్ పాచేకోను, తొలేదో ఆర్చిబిషప్ కారియోను. పాచేకోగా హినేస్ గార్సియా మియాన్, కారియోగా పెద్రో కాసాబ్లాంక్ నటించారు. నా దృష్టిలో మొదటి సీజన్‌ను నిలబెట్టింది ఈ ఇద్దరే. ఒకడు రాజును ఆడిస్తాడు, రెండోవాడు రాజును మార్చేస్తాడు. ఎవరు ఏ గదిలోకి ముందు అడుగుపెడుతున్నారు, ఎవరు మాట మధ్యలో లేస్తున్నారు, రాజు నోరు తెరవకముందే ఎవరు జవాబిస్తున్నారు అన్నవి గమనిస్తూ ఉండండి.

1465లో ఆవిలా ఊరి బయట ప్రభువులు ఒక వేదిక కట్టారు. దాని మీద ఎన్రికే బొమ్మను కూర్చోబెట్టి, కిరీటం తీసేసి, కత్తి లాక్కుని, చివరికి బొమ్మను కిందికి తోసేశారు. ఇసాబెల్ తమ్ముడు అల్ఫోన్సోను రాజుగా ప్రకటించారు. ఆ పిల్లాడికి అప్పుడు పదకొండేళ్లు. మూడేళ్ల తర్వాత చనిపోయాడు. ఈ ఘట్టం చూశాక కాసేపు ఆపండి. ప్రభువులకు కావాల్సింది ఎన్రికే కాదు, అల్ఫోన్సో కాదు, తమ మాట వినే రాజు. తమ్ముడు పోయాక అదే కిరీటం నీకిస్తామని ప్రభువులు ఇసాబెల్ దగ్గరకు వస్తే ఆమె ఎందుకు వద్దందో అప్పుడు తెలుస్తుంది. అన్న బతికుండగా నేను రాణిని కాను, ఆయన తర్వాత వారసురాలిని అవుతాను అంది. 1468 సెప్టెంబరులో తోరోస్ దె గిసాండో దగ్గర జరిగిన ఒప్పందం అదే. అక్కడ రోమన్ల కాలానికి ముందే చెక్కిన రాతి ఎద్దులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. అన్న ఒప్పుకోకుండా ఆమె పెళ్లి చేసుకోకూడదు.

పెళ్లి ఘట్టానికి ముందు ఇవి తెలుసుకోండి

ఇసాబెల్ కోసం వచ్చిన సంబంధాలు ఒకటి రెండు కావు. పాచేకో తమ్ముడు పెద్రో హిరోన్ పెళ్లికని బయలుదేరి 1466లో దారిలోనే చనిపోయాడు. పోర్చుగల్ రాజు అడిగాడు. ఫ్రాన్స్ రాజు తమ్ముడి పేరు వచ్చింది. ఆమె మాత్రం అన్నకు చెప్పకుండా ఫెర్నాండోను ఎంచుకుంది.

అతను సరకులు తోలే వర్తకుల గుంపులో కంచరగాడిదలు కాచే పనివాడి వేషం వేసుకుని కాస్తీల్‌లోకి వచ్చాడు. ఇది సీరియల్ వాళ్లు కల్పించింది కాదు, చరిత్రే. 1469 అక్టోబరులో వయ్యాదోలిద్‌లో పెళ్లి జరిగింది. రక్తసంబంధం అడ్డు కదా, మరి పోప్ అనుమతి? చదివి వినిపించిన పత్రం దొంగది. దాని మీద ఉన్న పేరు రెండో పియస్ పోప్‌ది. ఆయన 1464లోనే కన్నుమూశాడు. అసలు అనుమతి 1472లో గాని రాలేదు. దాన్ని తెచ్చిన కార్డినల్ రొద్రిగో బోర్హా ఆ తర్వాత ఆరో అలెగ్జాండర్ పేరుతో తానే పోప్ అయ్యాడు.

ఇంత భక్తురాలు దొంగ పత్రంతో పెళ్లి చేసుకుందా, ఆమెకు తెలుసా తెలియదా అన్న ప్రశ్న మనసులో పెట్టుకుని ఆ ఎపిసోడ్లు చూడండి. మిషెల్ జెన్నర్ ముఖంలో జవాబు వెతకండి. ఒక్కొక్కరికి ఒక్కోటి దొరుకుతుంది.

సెగోవియాలో కత్తిని చూడండి

1474 డిసెంబరులో ఎన్రికే చనిపోయాడు. కబురు అందగానే ఇసాబెల్ సెగోవియాలో తనను తాను రాణిగా ప్రకటించుకుంది. భర్త అప్పుడు సరగోసాలో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఆగలేదు. ఊరేగింపులో ఆమెకు ముందు ఒక ప్రభువు కత్తిని నిటారుగా పట్టుకుని నడిచాడు. అది శిక్షించే అధికారానికి గుర్తు. ఆడది ఆ కత్తి వెనుక నడవడమా అని ఫెర్నాండో మనసు నొచ్చుకుంది.

ఈ సీరియల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడి నుంచి నడిచే భార్యాభర్తల కథ. 1475 జనవరిలో ఎవరి అధికారం ఎంతవరకు అన్నది ఇద్దరి మధ్య కాగితం మీద రాసుకున్నారు. కాస్తీల్‌కు హక్కుదారు ఆమె. అయినా నాణేల మీద, శాసనాల మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంది, అనుమానమూ ఉంది. ఆయనకు వేరే ఆడవాళ్ల వల్ల పిల్లలున్నారన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా పొద్దున్నే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని సైన్యానికి జీతాలు ఎలా అని మాట్లాడుకుంటారు. ఆ సన్నివేశాలను యుద్ధాల కోసం తోసుకుంటూ వెళ్లిపోకండి.

1492 దగ్గర కథ ఆపి, అవతలివైపు నిలబడండి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఇసాబెల్ వైపు నుంచి చెప్పిన కథ. అన్ని ఎపిసోడ్లు ఆమెతో నడిచాక ఆమె గెలుపు మన గెలుపులా అనిపిస్తుంది. ఆ ఊపులోనే 1492ను చూసేస్తే అన్యాయం జరుగుతుంది.

ఆ ఒక్క ఏడాదిలో జరిగినవి చూడండి. జనవరి 2న గ్రనాదా చివరి ముస్లిం రాజు బోఅబ్దిల్ కోట తాళాలు అప్పగించాడు. మార్చి 31న, యూదులందరూ బాప్తిస్మం తీసుకోవాలి లేదా జులై ఆఖరుకల్లా దేశం విడిచి పోవాలని ఆజ్ఞ వెలువడింది. ఏప్రిల్‌లో కొలంబస్‌తో ఒప్పందం. ఆగస్టు 3న అతని ఓడలు బయలుదేరాయి.

గ్రనాదా లొంగిపోయినప్పుడు మీ మతం, మీ చట్టం, మీ ఆస్తి మీవేనని రాసి ఇచ్చారు. పదేళ్లు తిరిగేసరికి ఆ మాట పోయింది. 1502లో కాస్తీల్ రాజ్యంలోని ముస్లింలకూ మతం మార్చుకోవడమా, వెళ్లిపోవడమా అన్న రెండే దారులు మిగిలాయి. అంతకుముందు 1481లోనే సెవియాలో ఇంక్విజిషన్, అంటే మత విచారణ సంస్థ, మనుషులను కాల్చడం మొదలుపెట్టింది. 1483లో తోర్కెమాదా అనే మతగురువు దానికి పెద్దగా వచ్చాడు. మతం మారినవాళ్లు నిజంగా మారారా అని ఇంట్లో వంట మీద, శుక్రవారం సాయంత్రం వెలిగించే దీపం మీద నిఘా పెట్టే రోజులవి.

కాబట్టి ఈ ఎపిసోడ్లలో ఒక పని చేయండి. ఆస్థానంలోని యూదులు ఇద్దరిని ప్రత్యేకంగా గమనించండి. అబ్రహాం సెనియోర్, ఇసాక్ అబ్రవనేల్. ఇద్దరూ ఈ రాజదంపతుల ఖజానాకు, గ్రనాదా యుద్ధ ఖర్చులకు అండగా నిలిచినవాళ్లే. ఆజ్ఞ వచ్చాక సెనియోర్ బాప్తిస్మం తీసుకుని ఉండిపోయాడు. అబ్రవనేల్ అన్నీ వదిలి ఇటలీ వెళ్లిపోయాడు. వాళ్లిద్దరిలో మీరైతే ఎవరు? ఈ ప్రశ్న వేసుకుని చూస్తే రాణి ముఖం మునుపటిలా కనిపించదు. కనిపించకూడదు కూడా. అలా వెళ్లిపోయినవాళ్ల వారసుల్లో కొందరు కాలక్రమంలో మన కొచ్చి దాకా వచ్చారు. 2015లో స్పెయిన్ పార్లమెంటు ఆ వారసులకు పౌరసత్వం ఇవ్వడానికి చట్టం చేసింది.

ఏది చరిత్ర, ఏది కల్పన అని వెంటనే వెతక్కండి

ఎపిసోడ్ మధ్యలో ఫోన్ తీసి వెతికితే, ఎవరు ఎప్పుడు పోయారో తెలిసిపోయి ఉత్కంఠ చచ్చిపోతుంది. సీజన్ అయ్యాక వెతకండి. యుద్ధాలు, ఒప్పందాలు, పెళ్లిళ్లు చాలావరకు చరిత్ర ప్రకారమే ఉంటాయి. నాలుగు గోడల మధ్య జరిగే మాటలు, చూపులు రచయితలవి. సైనికుడు గొంసాలోకు, చిన్ననాటి ఇసాబెల్‌కు మధ్య చూపించే చనువును కథ కోసం అల్లిందిగానే తీసుకోండి.

చివరి ఎపిసోడ్లకు ముందు మాత్రం రెండు చిత్రాలు ఇంటర్నెట్‌లో చూసి వెళ్లండి. మరణశయ్య మీద ఇసాబెల్ వీలునామా చెబుతున్నట్టు ఎదువార్దో రొసాలెస్ 1864లో గీసినది ఒకటి, ఫ్రాన్సిస్కో ప్రదియా 1882లో గీసిన గ్రనాదా లొంగుబాటు ఇంకొకటి. స్పెయిన్‌లో పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చూసి పెరిగే బొమ్మలివి. అవి తెలిసి చూస్తే తెర మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది కూడా మీతో మాట్లాడుతుంది.

మూడో సీజన్‌కు మనసు సిద్ధం చేసుకోండి

మూడో సీజన్ అంతా తల్లి కథ. ఇసాబెల్‌కు అయిదుగురు పిల్లలు, ఒక్కడే కొడుకు. ఆ హువాన్ పెళ్లయిన కొన్ని నెలలకే 1497 అక్టోబరులో చనిపోయాడు. మరుసటి ఏడాది పెద్ద కూతురు పురిట్లో పోయింది. ఆమె కన్న బిడ్డ మిగేల్ రెండేళ్లు నిండకుండానే 1500లో పోయాడు. అలా ఎవరూ అనుకోని విధంగా రాజ్యం మూడో సంతానమైన హువానా చేతికి వచ్చింది. ఆమెగా ఇరేనే ఎస్కోలర్ నటన చూసి తీరాలి. పిచ్చిదని చరిత్ర ముద్ర వేసిన మనిషిని, భర్త ఫెలిపే, తల్లి, తండ్రి ముగ్గురూ మూడు వైపులా లాగుతుంటే నలిగిపోయిన అమ్మాయిగా చూపించింది. ఈ సీజన్‌ను మాత్రం అర్ధరాత్రి ఒంటరిగా చూడకండి, మనసు బరువెక్కుతుంది.

ఇక్కడ మళ్లీ కాగితం తీయండి. పోర్చుగల్ రాజు మనుయేల్ 1497లో పెద్ద కూతురు ఇసాబెల్‌ను, ఆమె పోయాక 1500లో చెల్లెలు మరియాను చేసుకున్నాడు. అక్క పోతే మరదలిని చేసుకోవడం మనకు కొత్త కాదు. మనకు ఎక్కడో ఉన్నట్టనిపించే ఈ మనుయేలే వాస్కోడగామాను కోళికోడ్‌కు పంపినవాడు. కృష్ణదేవరాయలు గుర్రాలు కొన్న పోర్చుగీసువాళ్లు ఈ ఇసాబెల్ అల్లుడి మనుషులే. ఇక ఆఖరి కూతురు కతలీనా ఇంగ్లండ్ వెళ్లి ఆర్థర్‌ను పెళ్లాడి, అతను పోయాక మరిది ఎనిమిదో హెన్రీని చేసుకుంది. వదినను తల్లిలా చూడాలని విని పెరిగిన మనకు అది మింగుడుపడదు. ఆ తర్వాత హెన్రీ కూడా సరిగ్గా ఆ వరుసనే సాకుగా చూపి ఆమెను వదిలించుకున్నాడు.

ఓడిపోయిన ఆ మేనకోడలిని, ఎన్రికే కూతురు హువానాను కూడా మరిచిపోకండి. 1479లో సంధి కుదిరాక ఆమె పోర్చుగల్‌లో మఠంలో చేరింది. ఇసాబెల్ కన్నా ఎక్కువ కాలం, 1530 దాకా బతికింది. చివరిదాకా తన సంతకంలో ‘నేను, రాణిని’ అనే రాసుకుంది.

తర్వాత ఏం చూడాలి

39 ఎపిసోడ్లు అయ్యాక కథ 1504 నవంబరులో ఆగుతుంది. అక్కడి నుంచి హువానాకు, భర్తకు, తండ్రికి మధ్య జరిగిన పోరాటం కోసం ‘లా కొరోనా పార్తీదా’ సినిమా చూడండి. సీరియల్‌లోని ఫెర్నాండో, హువానా, ఫెలిపే పాత్రలను అందులోనూ ఆ నటులే చేశారు. ఆ తర్వాత హువానా కొడుకు కథ ‘కార్లోస్, రే ఎంపెరడోర్’ అనే 17 ఎపిసోడ్ల సీరియల్. సినిమా 2016లో, ఆ సీరియల్ 2015లో వచ్చాయి. విడుదలైన వరుసలో చూస్తే మధ్యలో కథ తెగుతుంది కాబట్టి సినిమానే ముందు చూడండి. రాసుకున్న కాగితాన్ని పారేయకండి. కార్లోస్ పెళ్లి దగ్గర అది మళ్లీ అవసరమవుతుంది. ఆయన చేసుకున్న అమ్మాయి పేరు కూడా ఇసాబెల్, మనుయేల్‌కూ మరియాకూ పుట్టిన కూతురు, అంటే కార్లోస్‌కు సొంత పిన్ని బిడ్డ.